మెదడు కణాలు రాలిపోయే జబ్బుల మీద పరిశోధన: పీజీ విద్యార్థి ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. బయోటెక్నాలజీలో పీజీ రెండో సంవత్సరం చదువుతున్నారు, న్యూరోసైన్స్ ఎప్పుడూ సబ్జెక్టుగా చదవలేదు. మీ అమ్మమ్మగారికి ఆరేళ్లుగా అల్జైమర్స్. ఆ జబ్బు మీదే పీహెచ్‌డీ చేయాలని ఉంది. అల్జైమర్సే ఎంచుకోవాలా, పార్కిన్సన్స్ లాంటివి కూడా చూడాలా? ల్యాబ్ బెంచ్ పనా, కంప్యూటర్ పనా? గైడ్‌ను ఎలా ఎంచుకోవాలి? ఇన్ని మందులు ఫెయిలవుతుంటే ఈ రంగంలోకి రావడం మంచిదేనా? చివరగా, అమ్మమ్మగారి సంగతి అప్లికేషన్‌లో రాయవచ్చా? నేను ఈ పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. మొదట కండరాలను కదిలించే న్యూరాన్లు (నాడీకణాలు) చనిపోయే ఏఎల్‌ఎస్ అనే జబ్బు మీద, తర్వాత పార్కిన్సన్స్ మీద పనిచేశాను. ఒక్కొక్కటీ చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

ముందు నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. జబ్బు పేరు చూసి ల్యాబ్ ఎంచుకోకండి. అక్కడ ఏం కొలవడం నేర్చుకుంటారో, ఆ కొలత తప్పయితే అది తప్పని ఎలా తెలుసుకుంటారో చూసి ఎంచుకోండి. ఈ రంగంలో ఆలోచనలకు కరువు లేదు. నమ్మదగిన కొలతలకే కరువు. మెదడు పుర్రె లోపల ఉంటుంది, జబ్బు పదిహేను ఇరవై ఏళ్లపాటు చప్పుడు లేకుండా నడుస్తుంది, లక్షణాలు బయటపడేసరికి చాలా కణాలు పోయి ఉంటాయి. అలాంటి చోట దేన్ని కొలుస్తున్నామన్నదే సగం సైన్సు.

అమ్మమ్మగారి గురించి. ఇంట్లో జబ్బు చూసినవాళ్లకు ఉండే పట్టుదల వేరు, దాన్ని తక్కువ చేయను. నాన్సీ వెక్స్‌లర్ అనే అమెరికా శాస్త్రవేత్త తల్లి, వంశపారంపర్యంగా వచ్చి మెదడు కణాలను చంపే హంటింగ్టన్స్ జబ్బుతో పోయారు. ఆమె వెనిజులాలో మారకైబో సరస్సు ఒడ్డున ఆ జబ్బున్న కుటుంబాల దగ్గరికి ఏళ్ల తరబడి వెళ్లి రక్తనమూనాలు, వంశవృక్షాలు సేకరించారు. 1983లో ఆ జబ్బుకు కారణమైన జన్యువు నాలుగో క్రోమోజోమ్ మీద ఉందని తేలింది. అసలు జన్యువు దొరకడానికి ఇంకో పదేళ్లు పట్టింది, 1993 దాకా. తనకూ ఆ జబ్బు ఉందని ఆమె 2020లో బయటికి చెప్పారు. సొంత కారణం ఒక మనిషిని ఎంత దూరం నడిపిస్తుందో చెప్పడానికి నాకు ఇంతకంటే గొప్ప ఉదాహరణ తెలియదు. అయితే అదే ఉదాహరణలో ఇంకో సంగతి కూడా ఉంది. జన్యువు ఎక్కడుందో తెలిశాక కూడా అది చేతికి రావడానికి పదేళ్లు. మీ పీహెచ్‌డీ మొత్తం కలిపినా అందులో సగమే. అమ్మమ్మగారికి ఉపయోగపడే మందు మీ థీసిస్‌లోంచి రాదు. ఈ మాట చెప్పడం నాకూ కష్టంగానే ఉంది, కానీ ఆ ఆశతో వచ్చినవాళ్లు మూడో ఏడాదికి బాగా కుంగిపోవడం కళ్లారా చూశాను. ప్రేమ మిమ్మల్ని ల్యాబ్ దాకా తీసుకురానివ్వండి. లోపలికి వచ్చాక మాత్రం మీ ప్రశ్న ఐదేళ్లలో జవాబు చెప్పగలిగినంత చిన్నదిగా ఉండాలి.

ఇక ఏ జబ్బు అన్నది. పేర్లు వేరైనా ఈ జబ్బుల్లో ఒక పోలిక ఉంది. ఏదో ఒక ప్రోటీన్ సరిగా మడత పడక, ఒకదానికొకటి అతుక్కుని ముద్దలు కడుతుంది. కొన్ని రకాల న్యూరాన్లు చనిపోతాయి. ఆలోయిస్ అల్జైమర్ 1906లో ఆగస్టె డీటర్ అనే రోగి మెదడు గురించి చెప్పినప్పుడు చూపించినవి ఈ ముద్దలే, కణాల బయట ఫలకాలు, కణాల లోపల చిక్కుముడులు. ఆ ఫలకాల్లో ఉన్నది అమిలాయిడ్ బీటా అనే ప్రోటీన్ ముక్క అని 1980ల మధ్యలో తేలింది, చిక్కుముడుల్లో ఉన్నది టావు ప్రోటీన్. 1997 పార్కిన్సన్స్‌కు పెద్ద సంవత్సరం. ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రోటీన్ జన్యువులో మ్యుటేషన్ (మార్పు) వల్ల కొన్ని కుటుంబాల్లో జబ్బు వస్తోందని, అదే ప్రోటీన్ పార్కిన్సన్స్ రోగుల న్యూరాన్లలో కనిపించే లూయీ బాడీలనే ముద్దల్లో పేరుకుంటుందని ఒకే ఏడాదిలో బయటపడింది. 2006లో టీడీపీ-43 అనే ప్రోటీన్ ఏఎల్‌ఎస్‌లోనూ, ఒక రకం ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియాలోనూ ముద్ద కడుతోందని కనుక్కున్నారు. 2011లో సీ9ఓఆర్‌ఎఫ్72 జన్యువు ఆ రెండు జబ్బులనూ ఒక్క తాడుతో కట్టేసింది. ఒకటి కండరాల జబ్బులా కనిపిస్తుంది, ఇంకొకటి మనిషి స్వభావాన్నే మార్చేస్తుంది. అయినా ఒకే ఇంట్లో, ఒకే మ్యుటేషన్‌తో, అన్నకు ఒకటి తమ్ముడికి ఒకటి రావచ్చు. జబ్బు పేరు పట్టుకుని కూర్చోవద్దు అనడానికి నాకున్న పెద్ద కారణం ఇదే.

నన్ను ఇన్నేళ్లూ కట్టి పడేసిన ప్రశ్న ఒకటుంది, అది మీకూ చెప్పాలి. ఆ ప్రోటీన్ మెదడంతా ఉంటే, కొన్ని కణాలే ఎందుకు చనిపోతాయి? హంటింగ్టన్స్‌కు కారణమైన హంటింగ్టిన్ ప్రోటీన్ ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ తయారవుతుంది, కానీ ముందుగా దెబ్బతినేది మెదడు లోతుల్లో స్ట్రయేటమ్‌లో ఉండే ఒక రకం న్యూరాన్లు. ఆల్ఫా సిన్యూక్లిన్ మెదడులో ఎక్కడ చూసినా ఉంటుంది, పార్కిన్సన్స్‌లో కాళ్లూ చేతులూ బిగుసుకుపోవడానికి కారణం మాత్రం సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చిన్న భాగంలో, డోపమిన్ అనే రసాయనం తయారుచేసే కణాలు పోవడం. ఆ కణాలకు పని ఎక్కువ. మనిషిలో అలాంటి ఒక్కో కణం పది లక్షలకు పైగా సైనాప్స్‌లను, అంటే వేరే కణాలకు సిగ్నల్ అందించే చోట్లను, పోషిస్తుందని అంచనా. పైగా ఎవరూ పిలవకుండానే తమంతట తాము లయబద్ధంగా సిగ్నల్ ఇస్తూ ఉంటాయి, ప్రతిసారీ కాల్షియం లోపలికి వస్తుంది, దాన్ని బయటికి తోడటానికి శక్తి కావాలి. ఇలా రాత్రింబవళ్లు పరుగెత్తే కణం మీద కొంచెం భారం పెరిగినా తట్టుకోలేదన్నది ఒక వాదన. నాకు ఇది బాగా నచ్చుతుంది, కానీ అలసట ఒక్కటే అన్నిటికీ జవాబు అనుకోను. పక్కనే ఉండే, అదే డోపమిన్ తయారుచేసే ఇంకో గుంపు కణాలు చాలావరకు నిలబడతాయి. ఎందుకు? మీ తరంలో ఎవరైనా దీనికి గట్టి జవాబు చెబితే మందు వెతికే పద్ధతే మారిపోతుంది.

న్యూరోసైన్స్ చదవలేదన్న టెన్షన్ వదిలేయండి. ఈ రంగంలో పేరున్న చాలామంది బయోకెమిస్ట్రీ నుంచో, జెనెటిక్స్ నుంచో, ఫిజిక్స్ నుంచో వచ్చినవాళ్లే. ప్రోటీన్ కెమిస్ట్రీ, సెల్ బయాలజీ గట్టిగా ఉంటే చాలు. స్టాటిస్టిక్స్ మాత్రం మొక్కుబడిగా చదివి ఉంటే మళ్లీ మొదటి నుంచి చదవండి. న్యూరో అనాటమీ ఒక ఆరు నెలల్లో పట్టుబడుతుంది, అయితే పుస్తకంలో బొమ్మలు చూసి కాదు. వీలైతే ఎక్కడైనా మెదడు పాథాలజీ చూసే డాక్టర్‌ను అడిగి ఒక రోజు పక్కన కూర్చోండి. నేను మొదటిసారి చూసింది మిడ్‌బ్రెయిన్ అడ్డకోత. ఒక ట్రేలో పక్కపక్కన రెండు ముక్కలు. ఒకదానిలో రెండు వైపులా కాటుక గీసినట్టు నల్లటి చారలు, మైక్రోస్కోప్ కూడా అక్కర్లేదు, కంటికే కనిపిస్తున్నాయి. ఆ నలుపు డోపమిన్ కణాల్లో వయసుతో పాటు పేరుకునే న్యూరోమెలనిన్. రెండో ముక్కలో ఆ చారలు లేవు. అక్కడ పాలిపోయిన బూడిదరంగు తప్ప ఏమీ లేదు. అది పార్కిన్సన్స్‌తో పోయిన మనిషిది. అప్పటిదాకా నేను ఎన్నో పేపర్లలో చదివిన ‘కణాల నష్టం’ అన్న మాటకు అర్థం ఆ ట్రే ముందు నిలబడ్డప్పుడు తెలిసింది.

ఇప్పుడు ఎలుకల సంగతి. ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి, ఎందుకంటే మీరు రేపు చేసే పని ఇదే కావచ్చు.

పీహెచ్‌డీ రెండో ఏట నాకు ఒక మందు ఇచ్చారు. ఏఎల్‌ఎస్ కోసం ఎక్కువగా వాడే ఎస్‌ఓడీ1 జీ93ఏ ఎలుకలకు ఇచ్చి చూడమన్నారు. 1994లో తయారుచేసిన ఆ ఎలుకల్లో మనిషి ఎస్‌ఓడీ1 జన్యువు, మ్యుటేషన్‌తో సహా, చాలా కాపీలుగా ఉంటుంది. వెనక కాళ్లతో మొదలై ఒళ్లంతా చచ్చుబడి, నాలుగైదు నెలల వయసులో చనిపోతాయి. బాధ పెరగకుండా మేం పెట్టుకున్న నియమం ఏమిటంటే, ఎలుకను పక్కకు పడుకోబెట్టినప్పుడు 30 సెకన్లలో తిరిగి లేవలేకపోతే ప్రయోగం అక్కడితో ఆపాలి, ఆ రోజునే లెక్కలో రాయాలి. నేను మందు ఇచ్చిన గుంపులో తొమ్మిది ఎలుకలు. సగటున దాదాపు రెండు వారాలు ఎక్కువ బతికాయి. ల్యాబ్‌లో అందరూ సంతోషపడ్డారు, కాన్ఫరెన్స్‌కు సారాంశం కూడా రాసేశాను.

అప్పుడు పక్క ల్యాబ్‌లో ఒక సీనియర్ వచ్చి ఒకే ప్రశ్న అడిగారు: “ఈ ఎలుకల అమ్మానాన్నలెవరు?” నాకు తెలియదు. ఎలుకల వివరాలు రాసి పంజరాలకు తగిలించే కేజ్ కార్డులు తీసి బల్ల మీద పరిచాం. బాగా ఎక్కువకాలం బతికిన నాలుగూ ఒకే కాన్పులో పుట్టినవి. పుట్టినప్పుడు జన్యువు పరీక్ష కోసం తీసిన తోక ముక్కల డీఎన్ఏ ఫ్రీజర్‌లో ఉంది. అందులో జన్యువు కాపీలు ఎన్నున్నాయో లెక్క చూస్తే, ఆ నాలుగింటిలో మిగతావాటికంటే సగానికి సగం తక్కువ. ఈ ఎలుకల్లో తరాలు మారుతున్నకొద్దీ అప్పుడప్పుడు కాపీలు రాలిపోతుంటాయి, కాపీలు తగ్గితే జబ్బు ఆలస్యమవుతుంది. ఆ నాలుగింటినీ పక్కన పెట్టి మళ్లీ లెక్క వేస్తే రెండు వారాలూ మాయం. మందు పనిచేయలేదు, ఎలుకలే తేడా.

ఇంకో తప్పు కూడా ఉంది. ఏ కేజ్‌కు మందు ఇచ్చానో నాకు తెలుసు. వీడియోలు మళ్లీ చూసుకుంటే, మందు ఇచ్చిన ఎలుక 30 సెకన్లకు కాస్త కదిలితే ‘లేస్తోంది’ అని ఇంకో రెండు మూడు సెకన్లు ఆగాను. మందు ఇవ్వనిదాని విషయంలో ఆగలేదు. మోసం చేయాలని కాదు. పనిచేయాలని గట్టిగా కోరుకున్నాను, ఆ కోరిక చేతిలోకి వచ్చేసింది. పద్నాలుగు నెలల పని మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. ఈసారి ఒకే కాన్పు పిల్లలను రెండు గుంపుల్లోకీ సమానంగా పంచి, మగా ఆడా లెక్క సరిచూసి, సీసాల మీద కోడ్ నంబర్లు వేరొకరి చేత వేయించి చేశాం. తేడా ఏమీ రాలేదు.

ఇది నా ఒక్కడి గొడవ అనుకోవద్దు. 2008లో ఏఎల్‌ఎస్ మీద పనిచేసే ఒక సంస్థ ఐదేళ్లపాటు చేసిన పనిని బయటపెట్టింది. 70కి పైగా మందులు, 18,000 ఎలుకలు, 221 ప్రయోగాలు, అన్నీ జాగ్రత్తగా. వాటిలో కొన్ని మందులు పనిచేశాయని అంతకుముందు పేపర్లు వచ్చాయి. ఈ సంస్థ చేతిలో ఒక్కటీ పనిచేయలేదు. ఆ పేపర్ చదివిన రోజున, నాకు జరిగింది ఎన్ని ల్యాబుల్లో ఎవరూ కేజ్ కార్డులు తీసి చూడకుండానే ప్రచురణ దాకా వెళ్లిందో కదా అనిపించింది. ఆ పేపర్ల మీద ఆశ పెట్టుకుని ట్రయల్స్‌లో చేరిన రోగులు గుర్తుకొచ్చి ఆ రాత్రి నిద్రపట్టలేదు.

అందుకే జబ్బును అనుకరించే ఏ మోడల్ వాడినా, ఎలుకైనా కణమైనా, అది దేన్ని చూపిస్తుంది, దేన్ని చూపించదు అని ముందే ఒక కాగితం మీద రాసుకోండి. 5ఎక్స్‌ఎఫ్‌ఏడీ అనే ఎలుకలో రెండు నెలలకే అమిలాయిడ్ ఫలకాలు వస్తాయి, కానీ టావు చిక్కుముడులు రావు. ఫలకాల మీద ప్రశ్న అయితే బ్రహ్మాండం, ‘అల్జైమర్స్‌ను నయం చేశాం’ అనడానికి మాత్రం కాదు. ఎస్‌హెచ్-ఎస్‌వై5వై కణాలు న్యూరాన్లలా కనిపిస్తాయి కానీ అవి ఒక చిన్నారి క్యాన్సర్ నుంచి వచ్చినవి, విభజన చెందుతూనే ఉంటాయి. రోగి చర్మం నుంచి స్టెమ్ కణాలు చేసి, వాటి నుంచి న్యూరాన్లు పెంచే పద్ధతి 2007 తర్వాత వచ్చింది, నిజంగా గొప్ప విషయం. అయితే ఆ దారిలో కణం వయసు చెరిగిపోతుంది. డెబ్బై ఏళ్ల మనిషి కణం కడుపులో బిడ్డ కణంలా మారిపోతుంది, ముసలితనంలో వచ్చే జబ్బును పసికణంలో వెతుకుతున్నామన్నమాట. చర్మకణాన్ని నేరుగా న్యూరాన్‌గా మారిస్తే వయసు గుర్తులు కొంత మిగులుతాయి, అందుకే కొందరు ఆ పద్ధతికి వెళ్తున్నారు. ఇక చనిపోయినవాళ్లు దానం చేసిన మెదడు కణజాలం నిజమైన జబ్బు, కానీ అది కథ చివరి పేజీ. మంట ఆరాక బూడిద చూసి ఎక్కడ అంటుకుందో చెప్పడం లాంటిది. ఏదీ పనికిరానిది కాదు. ఒక్కటే సరిపోదు.

బెంచ్ మీద కూడా చిన్న చిన్న సంగతులే కొంప ముంచుతాయి. ముద్ద కట్టిన ప్రోటీన్ కరగదు. మెదడు ముక్కను బఫర్‌లో నలిపి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అడుగున గట్టిగా చేరిపోతుంది. మామూలు ప్రోటోకాల్‌లో పైనున్న ద్రవం తీసుకుని అడుగుముద్ద పారేస్తాం. అంటే మనం వెతికే వస్తువునే పారబోస్తున్నాం. నా దగ్గరికి వచ్చే ప్రతి కొత్త విద్యార్థికీ మొదటి వారం ఆ అడుగుముద్దను ఇంకో డిటర్జెంట్‌లో కరిగించి చూపిస్తాను. అలాగే, ప్రోటీన్‌ను మెంబ్రేన్ అనే పల్చటి పొర మీదికి ఎక్కించి గుర్తుపట్టే వెస్టర్న్ బ్లాట్ పరీక్షలో ఆల్ఫా సిన్యూక్లిన్ ఆ పొర మీద నిలవదు, కడుగుతుంటే కొట్టుకుపోతుంది. పల్చటి పారాఫార్మాల్డిహైడ్‌లో అరగంట ఉంచి అతికిస్తే బ్యాండ్ కనిపిస్తుంది. ఈ చిన్న సంగతి తెలియక ‘ఈ కణాల్లో ఆ ప్రోటీన్ లేదు’ అని రాసేసే ప్రమాదం ఉంది. అమిలాయిడ్ బీటా అయితే ట్యూబ్ గోడలకే అంటుకుపోతుంది, ట్యూబ్ మార్చితే అంకె మారుతుంది. ఇవన్నీ పాఠ్యపుస్తకంలో ఉండవు. మంచి ల్యాబ్‌లో సీనియర్ పక్కన నిలబడి చెప్పాలి.

బెంచ్ పనా, కంప్యూటర్ పనా అని అడిగారు. రెండింటిలో ఒకటి చేతికి పూర్తిగా అలవాటు కావాలి, రెండోది అర్థమయ్యేంత రావాలి. ఆర్ కానీ పైథాన్ కానీ, ఏదో ఒక ప్రోగ్రామింగ్ భాష ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి. డబ్బు ఖర్చు లేకుండా నేర్చుకోవడానికి అసలైన డేటానే ఉంది. 2004లో మొదలైన ఏడీఎన్‌ఐ అనే అధ్యయనంలో అల్జైమర్స్ రోగుల, ఆరోగ్యవంతుల మెదడు స్కాన్లు, వెన్నునీటి పరీక్షలు, జ్ఞాపకశక్తి స్కోర్లు ఏళ్ల తరబడి సేకరించినవి ఉన్నాయి. పార్కిన్సన్స్‌కు 2010లో మొదలైన పీపీఎంఐ అలాంటిదే. దరఖాస్తు పెడితే ఇస్తారు. అందులో ఒక చిన్న ప్రశ్న తీసుకోండి. ఉదాహరణకు, మధ్యలో మానేసినవాళ్లు మిగిలినవాళ్లకంటే మొదట్లోనే ఎక్కువ జబ్బుతో ఉన్నారా? ఇది చూస్తే, జబ్బు ఎక్కువైనవాళ్లు వెళ్లిపోతే మిగిలినవాళ్ల సగటు బాగున్నట్టు ఎలా కనిపిస్తుందో మీకే తెలుస్తుంది. ఏ క్లాసులోనూ ఇంత బాగా అర్థం కాదు.

మందులు ఫెయిలవుతున్నాయన్నది నిజం. హంటింగ్టన్స్‌లో చెడు ప్రోటీన్‌ను తగ్గించే టోమినెర్సెన్ మీద ఎంతో ఆశ పెట్టుకున్నాం, 2021 మార్చిలో పెద్ద ట్రయల్‌లో మందు ఇవ్వడం ఆపేశారు. అల్జైమర్స్‌లో అమిలాయిడ్ మీద పెట్టిన ఎన్నో ట్రయల్స్ పోయాయి. అమిలాయిడ్ పేరుకోవడమే జబ్బుకు మూలమన్న వాదానికి ఊతమిచ్చిందని ఎంతోమంది ఉదహరించిన 2006 నాటి ఒక పేపర్‌ను, బొమ్మలు మార్చారన్న కారణంతో 2024లో వెనక్కి తీసుకున్నారు. ఆ ఒక్క పేపర్ వల్ల అమిలాయిడ్ వాదమంతా కూలిపోయిందని కొందరు అంటారు, అది నిజం కాదు. అమిలాయిడ్ బీటా తయారీతో సంబంధమున్న ఏపీపీ, ప్రెసెనిలిన్ జన్యువుల్లో మ్యుటేషన్లతో చిన్న వయసులోనే జబ్బు వచ్చే కుటుంబాలున్నాయి. ఆ ఆధారం ఆ పేపర్ మీద ఆధారపడింది కాదు.

మరోవైపు, మెదడులోని అమిలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్ అనే అల్జైమర్స్ మందు ఫలితాలు చూడండి. తొలిదశలో ఉన్న 1,795 మంది, 18 నెలలు. 0 నుంచి 18 దాకా ఉండే స్కేలు మీద, మందు తీసుకోనివాళ్లు 1.66 పాయింట్లు దిగజారితే తీసుకున్నవాళ్లు 1.21 దిగజారారు. తేడా 0.45. శాతంలో చెబితే 27 శాతం నెమ్మదించింది. అమెరికాలో 2023 జులైలో పూర్తి అనుమతి వచ్చింది. కొందరిలో మెదడు వాపు, చిన్న రక్తస్రావాలు వచ్చాయి, అందుకే తరచూ స్కాన్లు తీయాలి. ఆ 0.45ను ఇంట్లోవాళ్లు గమనించగలరా అని డాక్టర్లలోనే పెద్ద చర్చ. నా మాట ఏమిటంటే, జబ్బు నడకను ఎంతో కొంత మార్చవచ్చని తేలింది, అది చిన్న సంగతి కాదు. అలాగని అమ్మమ్మగారి దశలో ఉన్నవాళ్లకు ఈ మందు కాదు, అది తొలిదశకే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కాకుండా ముందే ఎలా పట్టుకోవాలన్నదే ఇప్పుడు అసలు పని. రక్తంలో పీ-టావు217 అనే ఒక రకం టావు ప్రోటీన్‌ను కొలిచి అల్జైమర్స్ మార్పులను పసిగట్టే పరీక్షలు అందుకే అంత ముఖ్యమయ్యాయి.

టోఫెర్సెన్ అనే మందు కథ మీకు ఇంకా పనికొస్తుంది. ఎస్‌ఓడీ1 మ్యుటేషన్ ఉన్న ఏఎల్‌ఎస్‌కు అది, మొత్తం రోగుల్లో ఓ రెండు శాతం మందికి. 28 వారాల ట్రయల్‌లో రోగుల పనితీరు స్కోరులో అనుకున్న తేడా రాలేదు. మామూలుగా అయితే అక్కడితో ఆ మందు కథ ముగిసేది. కానీ న్యూరాన్లు దెబ్బతిన్నప్పుడు బయటికొచ్చే న్యూరోఫిలమెంట్ అనే ప్రోటీన్ రక్తంలో బాగా తగ్గింది. ఆ కొలత ఆధారంగానే 2023 ఏప్రిల్‌లో అమెరికాలో వేగవంతమైన అనుమతి దొరికింది. న్యూరోఫిలమెంట్‌ను ఇంత సన్నగా రక్తంలో కొలవడం కొన్నేళ్ల క్రితం సాధ్యం కాదు. ఆ పరీక్షను ఓపిగ్గా తయారుచేసినవాళ్ల పేర్లు వార్తల్లో రాలేదు. కొలత నేర్చుకోండి అని మొదట్లో అన్నానే, నా మనసులో ఉన్నది వీళ్లే.

గైడ్ గురించి. పేరు, పేపర్ల సంఖ్య చూడటం అందరూ చేసేదే. నేను మీ స్థానంలో ఉంటే ల్యాబ్‌కు వెళ్లి గైడ్ లేని సమయంలో మూడో నాలుగో ఏడాది విద్యార్థిని పక్కకు తీసుకెళ్లి అడుగుతాను. ‘మీ గైడ్‌కు నచ్చిన ఊహ తప్పని మీ డేటా చెప్పిన రోజున ఏం జరిగింది?’ జవాబు చెప్పడానికి ముందు వాళ్ల ముఖం చూడండి. ఏమీ రాని ఫలితాలు ఎక్కడ భద్రపరుస్తారో, బ్లైండింగ్ (ఏ గుంపుకు మందు ఇచ్చారో కొలిచేవాళ్లకు తెలియకుండా చేయడం) ఎవరు చేస్తారో, గత ఐదేళ్లలో మధ్యలో మానేసినవాళ్లు ఎంతమందో కూడా అడగండి. ఎలుకల ల్యాబ్ అయితే సంతానం రికార్డు చూపించమనండి. విసుగు లేకుండా తీసి చూపిస్తే మంచి చోటు. ఇంకోటి, గైడ్‌కు ఒక న్యూరాలజిస్ట్‌తోనో పాథాలజిస్ట్‌తోనో నిజమైన సంబంధం ఉందా చూడండి. రోగిని చూసేవాళ్లు ఎవరూ లేని ల్యాబ్‌లో ఏళ్లు గడిచేకొద్దీ ఎలుకే జబ్బు అయిపోతుంది.

అల్జైమర్సే చేయాలన్న మనసు ఉంటే చేయండి, అందులో తప్పేం లేదు. కానీ రెండు ల్యాబులు చేతిలో ఉండి, ఒకటి అల్జైమర్స్ అయినా కొలతల్లో నిర్లక్ష్యంగా ఉండి, ఇంకొకటి హంటింగ్టన్స్ అయినా జాగ్రత్తగా పనిచేసేది అయితే, రెండోదానికే వెళ్లండి. హంటింగ్టన్స్‌లో ఒకే జన్యువు, అందులో సీఏజీ అనే మూడు డీఎన్ఏ అక్షరాలు 40 లేదా అంతకంటే ఎక్కువసార్లు వరసగా వస్తే జబ్బు ఖాయం. కారణం స్పష్టంగా ఉన్న జబ్బులో నేర్చుకున్న క్రమశిక్షణ, కారణాలు కలగాపులగంగా ఉన్న అల్జైమర్స్‌లోకి వచ్చినప్పుడు మిమ్మల్ని కాపాడుతుంది. పోస్ట్‌డాక్‌లో, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధనలో, జబ్బు మార్చడం ఈ రంగంలో చాలా మామూలు విషయం, నేనే మార్చాను.

చివరి ప్రశ్న, అమ్మమ్మగారి గురించి అప్లికేషన్‌లో రాయవచ్చా అన్నది. రాయండి, రెండు మూడు వాక్యాలు. కానీ ‘జబ్బును నయం చేస్తాను’ అని రాయకండి. మీరు చూసినదాన్ని రాయండి. కొత్త ముఖాలు మర్చిపోయినా చిన్నప్పటి సంగతులు ఎందుకు గుర్తున్నాయి, సాయంత్రం అయ్యేసరికి కలవరం ఎందుకు పెరుగుతుంది, నిన్న మర్చిపోయిన మాట ఈరోజు ఎలా వచ్చింది. ఆరేళ్లు ఒక రోగి దగ్గర ఉన్న మనిషి గమనించే సంగతులు, ఎలుకలతోనే పనిచేసే మాలాంటివాళ్లకు చాలా ఏళ్లయినా తెలియవు. ఆ తర్వాత, దాన్ని చూసి మీకు కలిగిన ఒక్క ప్రశ్న రాయండి. ఆ ప్రశ్న కోసం మీరు ఇప్పటికే చేసిన పని, ఏడీఎన్‌ఐ డేటాతో వేసిన ఒక్క గ్రాఫ్ అయినా సరే, కింద చేర్చండి. నేనైతే అలాంటి అప్లికేషన్ వచ్చిన రోజే ఆ విద్యార్థికి ఫోన్ చేస్తాను.